బండి ముందు ఆగాలి, ఆ తర్వాతే కదలాలి

ఈ నెల పాత పికప్ బండ్ల మీద ఉత్తరాలు చాలా వచ్చాయి. ఎక్కువమంది ఏ రంగు వేయించాలి, ఏ చక్రాలు మార్చాలి అని అడిగారు. నేను మాత్రం ఇంజన్, బ్రేకులు, ఛాసిస్ (బండి బరువంతా మోసే ఇనుప చట్రం), కాగితాల గురించి అడిగినవాళ్లకే ఎక్కువ చోటు ఇస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో షెడ్డు నడిపినన్నాళ్లూ కొత్తగా చేరిన కుర్రాళ్లకి ముందు బ్రేకుల పనే నేర్పాను. ఇంటి దగ్గర బండి బాగుచేసుకునే మీకూ అదే చెబుతాను.

ప్రశ్న: మా నాన్నగారు 1994లో టాటామొబైల్ పికప్ కొన్నారు. తోటలో కాయలు నింపుకుని నున్న మార్కెట్‌కి తోలేవారు. ఆయన పోయాక బండి తోటలోనే రేకుల షెడ్డు కింద ఏళ్ల తరబడి ఉండిపోయింది. ఇప్పుడు ఇంజన్ తిరగడం లేదు. తెలిసిన మెకానిక్ ‘ఇది వేస్టండీ, వేరే కంపెనీ ఇంజన్ ఎక్కించేద్దాం’ అంటున్నాడు. ఆదివారాలు నేనూ, మా తమ్ముడూ కలిసి ఇంటి దగ్గరే బాగుచేసుకోవాలని ఆశ. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, నూజివీడు

జవాబు: బాబూ, ఆ ‘వేస్ట్’ అన్న మాట ముందు మనసులోంచి తీసేయండి. టాటామొబైల్ 1988లో వచ్చిన బండి. అందులో ఉన్నది 1948 సీసీ డీజిల్ ఇంజన్. తర్వాత సియెర్రాకి, ఎస్టేట్‌కి, 1994లో వచ్చిన సుమోకి కూడా కంపెనీ ఆ ఇంజన్నే పెట్టింది. మన రోడ్ల మీద సుమోలు ఎన్ని తిరిగాయో మీరూ చూశారు. అందుకే దాని పిస్టన్లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్ల కోసం ఇక్కడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఓపిగ్గా తిరిగితే పని అవుతుంది. సామాను దొరికే ఇంజన్ ఉన్న పాత బండి అదృష్టం చేసుకున్నట్టే. దాన్ని తీసి పారేసి, మౌంటింగులు కోసి, గేరుబాక్స్‌కి అతుకులు వేసి ఇంకో ఇంజన్ ఇరికిస్తే ఆ బండి ఎప్పటికీ కుదురుకోదు.

పైగా ఆర్సీలో ఇంజన్ నంబరు ఉంటుంది. కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. ఇంజన్ మార్చాలంటే రవాణా అధికారి అనుమతి ముందే తీసుకోవాలి. అనుమతి లేకుండా మార్చి, రేపు ఏదైనా ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది పడేది మీరే.

పానా పట్టుకునే ముందు కాగితాలు బయటికి తీయండి. ఆర్సీ ఇంకా నాన్నగారి పేరు మీదే ఉంటే, వారసులుగా మీ పేరుకి మార్చుకోవడానికి ఫారం 31 ఉంటుంది. సరుకు రవాణా బండి కాబట్టి ఫిట్‌నెస్ కూడా చూసుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాల్సిందే. అది లేకపోతే 56వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ చెల్లుబాటులో ఉన్నట్టు లెక్కకు రాదు. పదిహేనేళ్లు దాటిన బండ్లకి ఈ ఫీజులు 2022 ఏప్రిల్ నుంచి బాగా పెంచారు. అందుకే సామాను కొనకముందే రవాణా కార్యాలయానికి వెళ్లి, పాత బకాయిలు, ఆలస్య రుసుములు అన్నీ కలిపి ఎంతవుతుందో రాయించుకు రండి. ఆ మొత్తం చూసుకున్నాకే ముందుకెళ్లాలా వద్దా అన్నది తేల్చుకోండి.

ఛాసిస్ నంబరు గురించి ఒక ముఖ్యమైన మాట. తుప్పు గీకే హుషారులో ఆ అంకెల మీద గ్రైండర్ పెట్టకండి. అంకె ఒక్కటి చెరిగినా ఆఫీసులో ‘ట్యాంపరింగ్’ అనే అనుమానం వస్తుంది, దాన్ని పోగొట్టుకోవడం మహా కష్టం. డీజిల్‌లో ముంచిన గుడ్డతో నానబెట్టి మెత్తగా తుడవండి. అంకెలు తేలాక పైన తెల్ల కాగితం ఉంచి పెన్సిల్ అడ్డంగా రుద్ది ప్రింట్ తీసి, ఆర్సీతో పోల్చి చూసుకోండి.

ఇప్పుడు ఇంజన్ సంగతి. తిరగడం లేదు అని రాశారు గానీ సెల్ఫ్ కొట్టి చూశారా, చేత్తో తిప్పి చూశారా అన్నది రాయలేదు. సెల్ఫ్ కొడుతున్నట్టయితే వెంటనే ఆపేయండి. ఏళ్లుగా నిలిచిపోయిన ఇంజన్లో రింగులు సిలిండర్ గోడలకి తుప్పుతో అంటుకుంటాయి. సెల్ఫ్ మోటారుతో బలవంతంగా లాగితే రింగు విరుగుతుంది, లేదా గోడ గీసుకుపోతుంది. అప్పుడు ఆ మెకానిక్ మాటే నిజమవుతుంది.

బ్యాటరీ వైర్లు తీసేయండి. గేరు న్యూట్రల్‌లో పెట్టండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా విప్పి లోపల చూడండి, ఎలకలు గూడు పెట్టి ఉండొచ్చు. తోటలో ఉన్న బండి కాబట్టి ఉన్నట్టే అనుకుని చూడండి. తర్వాత హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజన్‌ని వేడి చేసేవి), నాజిల్స్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేవి) తీసి ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టుకోండి. ఆ కన్నాల్లోంచి ఒక్కో సిలిండర్లోకి ఆటోమేటిక్ గేరుబాక్సుల్లో వాడే పల్చటి ఏటీఎఫ్ ఆయిల్, డీజిల్ సగం సగం కలిపి కాస్త కాస్త పోయండి. కన్నాలకి గుడ్డ కప్పి రెండు మూడు రోజులు వదిలేయండి. ముందువైపు క్రాంక్ పుల్లీ బోల్టుకి పొడుగు పానా వేసి, వేలెడంత ఇటు, వేలెడంత అటు కదిపి చూడండి. కదలకపోతే మళ్లీ పోసి మళ్లీ వదిలేయండి. పానాకి పైపు తొడిగి దాని మీద ఎక్కి నిలబడొద్దు. ఇక్కడ పని చేయాల్సింది నూనె, మీ బరువు కాదు. ముందు వెంట్రుకవాసి కదులుతుంది, తర్వాత కొంచెం ఎక్కువ, ఆ తర్వాత ఒక చుట్టు పూర్తిగా తిరుగుతుంది. ఇద్దరన్నదమ్ములూ కలిసి చేస్తున్నారు కాబట్టి ఆ క్షణంలో మీ సంతోషం ఎలా ఉంటుందో నేను ఊహించగలను.

చేత్తో హాయిగా తిరిగాక పాత ఆయిల్ దించేసి, కొత్త ఆయిల్, కొత్త ఫిల్టర్ వేయండి. ప్లగ్గులు, నాజిల్స్ బిగించకముందే సెల్ఫ్ కొట్టి లోపల మిగిలిన నూనె బయటికి పోనివ్వండి. కన్నాల్లోంచి నూనె పిచికారీలా చిమ్ముతుంది, ముఖం దూరంగా పెట్టండి. ఈ పని మానేసి ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేస్తే పిస్టన్ ఆ నూనెని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నూనె ద్రవం కదా, గాలిలా నలగదు.

పాత డీజిల్ ట్యాంకులో ఉంచొద్దు. ట్యాంకు దించి, కడిగి, అడుగున చేరిన జిగురు తీసేయాలి. డీజిల్ పంపు, నాజిల్స్ లోపలి భాగాలు మాత్రం ఇంట్లో విప్పకండి. డీజిల్ పంపుల పని చేసేవాళ్ల దగ్గర టెస్ట్ బెంచి మీద పెట్టించి, ప్రెషర్ చూపించి తెచ్చుకోండి. దానికి పెట్టే డబ్బు వృథా కాదు.

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ఒకరు గాలి గొట్టం దగ్గర అరచేతి కంటే పెద్ద చెక్క ముక్క పట్టుకుని నిలబడండి. చేయి అడ్డం పెట్టొద్దు, చెక్కే. పంపులో డీజిల్ ఎంత వెళ్లాలో చూసే రాక్ అనే కడ్డీ ఇరుక్కుపోయినా, సిలిండర్లోకి ఆయిల్ లాక్కున్నా డీజిల్ ఇంజన్ తాళం తిప్పినా ఆగకుండా రేసు పెరిగిపోతూనే ఉంటుంది. గాలి మూసేస్తేనే అది ఆగేది.

ఇంజన్ స్టార్ట్ అయ్యాక గేరు పడకపోతే గేరుబాక్స్ పాడైందని హడలిపోకండి. ఇన్నేళ్ల తేమకి క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కి అంటుకుని ఉంటుంది. పెడల్ తొక్కి ఉంచి, సీటుకీ పెడల్‌కీ మధ్య కర్ర అడ్డం పెట్టి రాత్రంతా వదిలేయండి. చాలాసార్లు అదే విడిపోతుంది.

ఇంత చెప్పినా, షెడ్డులోంచి ఒక్క అడుగు కదిలించే ముందు బ్రేకులు పూర్తవ్వాలి. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. ఆ నీటికి చక్రాల దగ్గర బ్రేకుని నెట్టే వీల్ సిలిండర్ల లోపల తుప్పు గుంటలు పడతాయి. డ్రమ్ము తీసి, సిలిండర్ విప్పి లోపల గోరుతో తడిమి చూడండి. గోరుకి గుంట తగిలిందంటే రబ్బరు కిట్ మార్చి సరిపెట్టొద్దు, సిలిండర్ మొత్తం కొత్తది వేయండి. పెడల్ దగ్గరుండే మాస్టర్ సిలిండర్‌కీ ఇదే లెక్క. పల్లెటూళ్లలో బ్రేక్ ఆయిల్ అందుబాటులో లేదని ఇంజన్ ఆయిల్ పోసేవాళ్లు ఉన్నారు. దానికి రబ్బరు కప్పులు ఉబ్బిపోయి బ్రేకు పట్టేస్తుంది, లేదా అసలు పడదు. డబ్బా మీద డాట్ 3 అని చూసి, సీలు విప్పనిదే కొనండి.

తుప్పుపట్టిన బ్రేక్ పైపుల బదులు ఏసీ పనివాళ్ల దగ్గర దొరికే రాగి గొట్టం వంచి వేస్తుంటారు. అది చూడ్డానికి నీటుగా ఉంటుంది, వేయడం సులువు. అయినా వద్దు. బండి అదురుకి ఆ రాగి గట్టిపడి, కొనల దగ్గర చిట్లుతుంది. బ్రేకులకని చేసిన స్టీలు గొట్టమే వేయించుకోండి. డ్రమ్ము లోపలి దుమ్ముని గాలి గన్‌తో ఊదొద్దు, పాత బ్రేకు లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండేది. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. బ్రేకు పైపుల్లోంచి గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రండి. మీ తమ్ముడు పెడల్ తొక్కితే మీరు గాలి బయటికి వదిలే నిప్పిల్ విప్పాలి. పెడల్ పైకి వదిలే ముందే నిప్పిల్ బిగించేయాలి.

టైర్లకి గీతలు బాగానే ఉన్నాయని మోసపోకండి. పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2314 అని ఉంటే 2014లో 23వ వారం తయారైందని అర్థం. మీ బండి టైర్లకి ఆ అంకెలు చూస్తే మార్చాలా అని నన్ను అడగరు.

ఇంకొకటి, జాకీ మీద ఉన్న బండి కిందికి ఇద్దరిలో ఎవరూ దూరొద్దు. స్టాండ్లు కొనండి. ఇటుకల మీద బండి నిలబెట్టొద్దు, బరువుకి ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది.

ప్రశ్న: రొయ్యల ట్రేలు తోలిన పికప్ ఒకటి తక్కువ ధరకి వస్తోంది. మా వారు కొందామంటున్నారు. క్యాబిన్ ఫ్లోర్‌లో చిల్లులున్నాయి. అమ్మేవాళ్లు ‘ఫైబర్ రెజిన్ పూసి పైన లప్పం కొడితే కనబడదు’ అంటున్నారు. కొనొచ్చా?
— ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అమ్మా, ఫ్లోర్ చిల్లు కంటికి కనబడుతుంది కాబట్టి దానికి అంత భయపడక్కర్లేదు. నా దిగులంతా కనబడని చోటు గురించి. రొయ్యలకి వేసిన ఐసు కరిగి, ఉప్పు నీళ్లు బాడీ పలకల సందుల్లోంచి ఛాసిస్ మీదికి ఏళ్ల తరబడి కారి ఉంటాయి. పెట్టెలా మూసి ఉన్న ఛాసిస్ అయితే లోపలికి చేరిన ఉప్పు నీరు బయటికి రాదు. పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది, రేకు లోపలి నుంచి పల్చబడుతూ ఉంటుంది.

మీ వారిని చిన్న సుత్తి తీసుకెళ్లమనండి. వెనక కమాన్ కట్టలు ఛాసిస్‌కి బిగించే హ్యాంగర్ల దగ్గర, క్యాబిన్ మౌంటింగుల దగ్గర, అడ్డ పట్టీలు కలిసే చోట మెల్లగా కొట్టి వినమనండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నది డొల్లగా, ముద్దగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడాలి. హ్యాంగర్ల దగ్గర స్క్రూడ్రైవర్ లోపలికి దిగినా, చీలిక కనబడినా, అక్కడ కొత్త వెల్డింగ్ మీద కొత్త నలుపు రంగు తాజాగా ఉన్నా ఆ బండి వద్దు. ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. లోడు వేసి గుంటలో పడిన రోజు ఛాసిస్ విరుగుతుంది. అలాంటి బండి ప్రభుత్వం గుర్తించిన స్క్రాపింగ్ కేంద్రానికి వెళ్లాలి. అమ్మేవాళ్లకి డిపాజిట్ సర్టిఫికెట్ కూడా ఇస్తారు.

ఛాసిస్ బాగుంటే ఫ్లోర్ పని ఇంటి దగ్గరే చేయించవచ్చు. రెజిన్ మాత్రం వద్దు. తుప్పు మీద అతికించిన ఫైబర్ వెనక తేమ దాక్కుని చుట్టూ ఉన్న మంచి రేకునీ తినేస్తుంది. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోండి, ఎక్కువసార్లు ముందు అద్దం బీడింగే కారణం. అది మార్చాక, తుప్పు రేకుని మెరిసే ఇనుము తగిలేదాకా కోసేయాలి. అట్ట ముక్కతో ఆ ఆకారం కత్తిరించుకుని, దాని ప్రకారం 18 గేజ్ రేకు తయారు చేయించండి. టింకరింగ్ మేస్త్రిని సీఓటూ వెల్డింగ్‌తో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క పెట్టమనండి. ఒకేచోట గీతలా లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. చివర అతుకుల మీద సీలర్, రెండు వైపులా ప్రైమర్. లప్పం వాడినా 3 మిల్లీమీటర్లు మించనివ్వొద్దు.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా అబ్బాయి హైస్కూల్ పూర్తయ్యేలోపు వాడితో కలిసి బాగుచేద్దామని 1969 షెవర్లే సీ10 కొన్నాను. క్యాబ్‌లో కూర్చుంటే పెట్రోల్ వాసన వస్తోంది. ఫ్లోర్ వెల్డింగ్ కూడా ఉంది. ముందు ఏది చేయాలి?
— ఒక పాఠకుడు, టెక్సస్

జవాబు: వెల్డింగ్ మెషిన్ ప్లగ్గు పెట్టకముందు సీటు వెనక్కి చూడండి. 1967 నుంచి 1972 దాకా వచ్చిన ఆ పికప్‌లకి పెట్రోల్ ట్యాంకు క్యాబ్ లోపలే, సీటు వెనకే ఉంటుంది. మీ వాసనకి కారణం ఆ ట్యాంకుకి వెళ్లే గొట్టం రబ్బర్లో, పైనున్న, పెట్రోల్ మట్టం చూపే సెండర్ గ్యాస్కెటో అయి ఉంటుంది. ఇప్పటి పెట్రోల్‌లో కలిసే ఇథనాల్ పాత రబ్బర్ని మెత్తబరుస్తుంది. ట్యాంకు దించి ఇంటికి దూరంగా పెట్టి, కొత్త గొట్టాలు, కొత్త రబ్బర్లు వేశాకే మిగతా పని. ట్యాంకు క్యాబ్‌లో ఉండగా ఫ్లోర్‌కి నిప్పురవ్వ తగలనివ్వకండి. ట్యాంకుకే చిల్లు ఉంటే దాన్ని వెల్డింగ్ చేయొద్దు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలేది. కొత్త ట్యాంకు కొనండి. ఆ మోడల్‌కి కొత్తగా తయారు చేసి అమ్మే విడిభాగాలు అక్కడ పుష్కలంగా ఉన్నాయి, ఈ విషయంలో మాకంటే మీరు అదృష్టవంతులు.

మీ బండికి ముందు చక్రాలకి డ్రమ్ము బ్రేకులే ఉంటాయి, 1971 నుంచి డిస్కులు వచ్చాయి. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్న అబ్బాయి నడుపుతాడు కాబట్టి ముందు చక్రాలకి డిస్కులు వేయించమనే నా సలహా. ఈ ఒక్క మార్పుకి నేను అసలు రూపం గురించి పట్టుబట్టను.

ప్రశ్న: మా తాతగారి జీపు 1971 నాటిది, వెనక తొట్టి కట్టించారు. వింటేజ్ నంబరు తీసుకుంటే మంచిదా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన సొంత బండికి ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. తొట్టి కట్టించారు అన్నారు కాబట్టి అక్కడే మీకు ప్రశ్న ఎదురవుతుంది. పైగా ఆ నంబరుతో ప్రదర్శనలకి, వింటేజ్ ర్యాలీలకి, మరమ్మతుకి, ఆయిల్ కొట్టించుకోవడానికి తప్ప రోజువారీ తిరగడానికి వీల్లేదు. పొలానికి వెళ్లే బండి అయితే వద్దు, మామూలు రిజిస్ట్రేషన్ పొడిగించుకునే వీలుందో ముందు కనుక్కోండి.

ప్రశ్న: మా మామయ్యగారి పాత పికప్‌కి పెరట్లో కంప్రెసర్ పెట్టి నేనే రంగు కొడదామనుకుంటున్నాను. తలుపుల మీద ఆయన చేత్తో రాయించిన ఊరి పేరు, అమ్మవారి పేరు ఉన్నాయి. గీకేయాలా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: గీకొద్దు. అలాంటి అక్షరాలు రాసే ఆర్టిస్టులు ఇప్పుడు ఎంతమంది మిగిలారు? తలుపుల మీద ఆ భాగం వదిలేసి, దుమ్ము తడి గుడ్డతో తీసి, చుట్టూ టేపు అంటించి మిగతాది కొట్టండి. కొత్త రంగుకీ పాత రంగుకీ తేడా కనబడుతుంది, కనబడనివ్వండి. బండికి అంత వయసు ఉందని దాచాల్సిన అవసరం లేదు.

పెరట్లో కొట్టాలంటే సింథటిక్ ఎనామెల్ ఎంచుకోండి. హార్డెనర్ కలిపి కొట్టే టూకే రంగుల జోలికి ఇంట్లో వెళ్లకండి. ఆ హార్డెనర్లో ఐసోసైనేట్లు ఉంటాయి, పొగమంచులా తేలి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, ఒక్కసారి పడకపోతే జీవితాంతం ఉబ్బసం అంటుకుంటుంది. ముక్కుకి కట్టుకునే గుడ్డ, కాగితం మాస్కు దాన్ని ఆపలేవు. షోరూమ్ మెరుపే కావాలంటే బూత్ ఉన్న షెడ్డుకి పంపండి.

ఎనామెల్‌కి పొడి వాతావరణం చూసుకోండి. ముసురు పట్టినప్పుడు కొడితే రంగు పాలిపోయినట్టు తెల్లబారుతుంది. పల్చటి పొరలు వేయండి, పొరకీ పొరకీ మధ్య ఆరనివ్వండి. పూర్తయ్యాక కొన్ని వారాల దాకా పాలిష్ పెట్టొద్దు, మంచి నీళ్లతో కడిగితే చాలు.